ఇల్లు మారితే బీమా వెంట రాదు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలకు ఇల్లు మారి చూడవలసిన అవసరం అంతగా కలిగినట్లు లేదు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఉద్యోగరీత్యానో, పిల్లల చదువుల నిమిత్తమో ఒక ఇల్లు అమ్మి మరొకటి కొనడం మాత్రం పరిపాటి. ఆ సమయంలో వడ్డీ శాతం, బడుల స్థాయి, సింహద్వారం ఏ దిక్కున ఉన్నదన్న విషయం సుదీర్ఘ చర్చకు వస్తాయి. గృహబీమా మటుకు, అప్పిచ్చే బ్యాంకు అడిగిన కాగితాలలో ఒకటిగా, చివరి వారానికి మిగిలిపోతుంది.

బీమా గణితశాస్త్రపు సంతానం. ఫలానా ఇల్లు ఈ సంవత్సరం తగలబడుతుందా అన్న ప్రశ్నకు ఎవరూ సమాధానం చెప్పలేరు. కాని లక్ష ఇళ్ళలో సుమారు ఎన్నింటికి అగ్నిప్రమాదం కలుగుతుందో చాలావరకు చెప్పవచ్చు. ఈ పెద్ద సంఖ్యల నియమాన్ని మొదట నిరూపించినవాడు జాకబ్ బెర్నూలీ. ఆ నిరూపణ ఉన్న గ్రంథం ఆయన మరణించిన ఎనిమిదేళ్ళకు, 1713లో వెలువడింది. ఈ దేశంలో అగ్నిబీమాకు తొలినాటి పునాది వేసినవారిలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ ఒకడు. 1752లో ఫిలడెల్ఫియాలో అటువంటి సంఘాన్ని స్థాపించాడు. ఆ లెక్కకు ఆధారం మనిషి కంటె ఇల్లు. పైకప్పు వయస్సు, గోడలు కర్రవా ఇటుకవా, అగ్నిమాపక కేంద్రం ఎంత దూరం, ఆ ప్రాంతంలో వడగళ్ళు ఎంత తరచుగా పడతాయి అన్న అంశాలపై ప్రీమియం ఆధారపడుతుంది. అందువల్లనే కారు మార్చినంత సులువుగా, ఒక్క ఫోనుతో, పాత పాలసీని కొత్త ఇంటికి మార్చడం కుదరదు. అదే సంస్థలో కొనసాగినా కొత్త ఇంటికి కొత్త పాలసీ తీసుకోవలసిందే. ఇల్లు అమ్మినవారి పాలసీ కూడా కొన్నవారికి దానంతట అది సంక్రమించదు.

చికాగో పరిసరాల నుండి డాలస్‌కు జనవరిలో తరలివెళ్ళే కుటుంబాన్ని ఊహించుకొందాం. డాలస్ ఇంటి క్లోజింగ్ 10వ తేదీన అయితే, కొత్త పాలసీ ఆ రోజు నుండే అమలులోకి రావాలి. చికాగో ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదు. రెండు ఇళ్ళకు రెండు ప్రీమియములెందుకని పాత పాలసీని రద్దు చేయాలన్న ఆలోచన సహజంగానే కలుగుతుంది. దస్తావేజు కొన్నవారి పేర మారేవరకు ఆ పని చేయరాదు. బ్యాంకుకు తెలిస్తే అదే ఒక పాలసీ తీసుకొని ఖర్చు ఇంటి యజమానిపై వేస్తుంది. దానికి ధర ఎక్కువ, రక్షణ తక్కువ.

పాలసీ ఉన్నంత మాత్రాన చింత తీరదు. మనుషులు కొన్నాళ్ళు లేని ఇల్లు వేరు, సామాను కూడా తీసివేసిన ఖాళీ ఇల్లు వేరు అని బీమా భాష విభజిస్తుంది. చాలా పాలసీలలో ఇల్లు వరుసగా 60 రోజులకు మించి, కొన్నింటిలో 30 రోజులకు మించి, ఖాళీగా ఉంటే దుండగులు చేసిన ధ్వంసానికి పరిహారం రాదు. ఖాళీ చేసే ముందే సంస్థకు తెలిపి, అవసరమైతే ప్రత్యేక అనుబంధం తీసుకోవాలి.

అంతకంటె పెద్ద శత్రువు నీరు. అనేక పదార్థాలు గడ్డకట్టేటప్పుడు కుంచించుకుపోతే, నీరు సుమారు 9 శాతం వ్యాకోచిస్తుంది. హైడ్రోజన్ బంధాల వల్ల మంచులోని అణువులు ఎడం ఎడంగా అమరడమే దీనికి కారణం. గొట్టంలో ఒకచోట మంచు బిరడాలాగా ఏర్పడి పెరిగేకొద్దీ, దానికీ మూసిన కుళాయికీ మధ్య చిక్కుకున్న నీటిపై ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. గొట్టం తరచు పగిలేది మంచు ఉన్నచోట కాదు, నీరు చిక్కుకున్నచోట! మంచు కరిగిన తరువాత గాని నీరు ధారకట్టదు; ఖాళీ ఇంట్లో ఆ ధారను చూసేవారుండరు. ఇటువంటి నష్టానికి పరిహారం రావాలంటే ఇంటిని తగినంత వెచ్చగా ఉంచాలి, లేదా ప్రధాన కవాటం మూసి గొట్టాలలోని నీరంతా తీసివేయాలి అన్న షరతు ప్రామాణిక పాలసీలలో ఉంటుంది. హీటరు ఖర్చు మిగులుతుందని కట్టివేసి వెళ్ళినవారికి దక్కేది శూన్యం. ఇది ఉత్తరాది బెడద మాత్రమే కాదని 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ చవిచూసింది.

డాలస్ ఇంటి విషయానికి వద్దాం. బీమా మొత్తం కొన్న ధరను బట్టి కాక, తిరిగి కట్టడానికయ్యే ఖర్చును బట్టి ఉండాలి. నేల తగలబడదు కదా! ఆ ఖర్చులో కనీసం 80 శాతానికి బీమా చేయాలన్నది సాధారణ నియమం. ఉదాహరణకు నిర్మాణ వ్యయం 4,00,000 డాలర్లయితే 3,20,000కు బీమా ఉండాలి. 2,40,000కే చేసినవారికి వంటింట్లో మంటలంటుకొని 80,000 నష్టం వాటిల్లితే, మూడు పాళ్ళే, అంటే 60,000 మాత్రమే లభించవచ్చు. అందులోనూ డిడక్టిబుల్ పోతుంది. వడగళ్ళ ప్రాంతాలలో ఆ డిడక్టిబుల్‌ను తరచు శాతంలో చెబుతారు. రెండు శాతమే కదా అనిపిస్తుంది; 4,00,000 మీద అది 8,000 డాలర్లు.

సామాను మాట సరేసరి. రాష్ట్రం దాటించే రవాణాదారులు అదనపు రుసుము లేకుండా ఇచ్చే కనీస హామీ పౌండుకు 60 సెంట్లు. ఇరవై పౌండ్ల వీణ విరిగితే వచ్చేది 12 డాలర్లు! ఇంకొంత చెల్లించి పూర్తి విలువకు హామీ తీసుకోవడం మేలు. బంగారం లారీలో పంపకూడదు. ఇంట్లో పెట్టినా, దొంగతనం జరిగితే ప్రామాణిక పాలసీ నగలన్నింటికీ కలిపి ఇచ్చే గరిష్ఠ పరిహారం తరచు 1,500 డాలర్లు. తెలుగింటి పెళ్ళినగలకు అది ఏ మూలకు? మదింపు చేయించి, వస్తువు వారీగా అనుబంధ పాలసీలో చేర్పించాలి.

వరదలకు, భూకంపాలకు గృహబీమా వర్తించదు. 1968లో ఏర్పడిన జాతీయ వరద బీమా పథకంలో సాధారణంగా 30 రోజులు ఆగాలి. గృహఋణం క్లోజింగ్‌కు సంబంధించి తీసుకుంటే ఆ నిరీక్షణ ఉండదు, కనుక అదే తగిన అదను. తుఫాను సముద్రంలో కనిపించిన తరువాత తీరప్రాంతాలలో ఏ సంస్థా కొత్త పాలసీ ఇవ్వదు. 2023లో కాలిఫోర్నియాలో అతి పెద్ద గృహబీమా సంస్థ కొత్త దరఖాస్తులు స్వీకరించడమే మానివేసింది. ఇల్లు నచ్చిన వెంటనే, సంతకాలకు ముందే, ఆ ఇంటికి బీమా దొరుకుతుందా, ఎంతకు దొరుకుతుంది అని విచారించాలి. ఆ ఇంటిపై గత ఏడేళ్ళలో జరిగిన క్లెయిముల నివేదికను అమ్మేవారిని అడిగి తెప్పించుకోవచ్చు.

చికాగో ఇల్లు అమ్ముడుపోయిన మరునాడు పాత పాలసీని వ్రాతపూర్వకంగా రద్దు చేస్తే, మిగిలిన రోజుల ప్రీమియం వెనుకకు వస్తుంది. ఎస్క్రో ఖాతాలో నిలువ ఉన్న సొమ్మును అప్పు తీరిన 20 పనిదినాలలోగా బ్యాంకు తిరిగి ఇవ్వాలి. ఈ రెండు చెక్కులూ వేర్వేరు చోట్ల నుండి వస్తాయి గనుక, డాలస్ చిరునామాను బీమా సంస్థకు, బ్యాంకుకు విడివిడిగా తెలియజేయాలి.