మూర్ఛా, మయకమా, వలిప్పా: డాక్టరు ముందు మన ఇంటి మాట

హోసూరు చుట్టుపక్కల పల్లెల్లో మా ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగు. బడి తమిళం, సంతలో కన్నడం, మందుచీటీ ఇంగ్లీషు. ఈ నాలుగూ ఒక్కచోట కలిసేది ఆస్పత్రిలోనే. అక్కడ మాట తడబడితే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

కొన్నేళ్ళ కిందట మా పెద్దమ్మ పొద్దున్నే పొయ్యికాడ నుంచి లేస్తూ పడిపోయింది. "మూర్ఛ వచ్చిండాది" అన్నారు ఇంట్లో అందరూ. ఆస్పత్రికి తీసుకుపోయిన మనవడు తమిళ బడిలో చదివినవాడు. మూర్ఛకు వాడికి తెలిసిన తమిళ మాట వలిప్పు, అంటే ఫిట్స్. డాక్టరుకు అదే చెప్పాడు. ఇంక తలకు స్కాను, ఈఈజీ, ఏళ్ళ తరబడి మింగాల్సిన మాత్రల గురించి మాటలు మొదలయ్యాయి. సాయంత్రం డ్యూటీకి వచ్చిన నర్సమ్మకు తెలుగు వచ్చు. "కాళ్ళూ చేతులూ కొట్టుకున్నాయా అవ్వా? నాలుక కరుచుకుంటివా?" అని అడిగింది. "అదేం లేదమ్మా, లేస్తానే కండ్లు బైర్లు కమ్మె, పడిపోతి, అంతే" అనింది పెద్దమ్మ. అప్పుడు పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూశారు. నిలబడగానే దిగిపోతా ఉంది. ముందు వారమే బీపీ మాత్ర డోసు పెంచారు. అది తగ్గించారు, ఇంటికి పంపించారు.

ఇందులో ఎవరూ అబద్ధం చెప్పలేదు. తెలుగులో మూర్ఛపోవడం అంటే సొమ్మసిల్లడం, మూర్ఛ రోగం అంటే ఫిట్స్. ఒకే మాట రెండు పనులు చేస్తోంది. తమిళంలోకి దాటేటప్పుడు రెండింటిలో ఒకటే దాటింది, అదీ తప్పుది.

పడిపోవడంలో మూడు రకాలు

డాక్టరుకు కావలసింది ఈ మూడింటిలో ఏదన్నది.

మొదటిది తల తిరగడం. ఇల్లంతా గిర్రున తిరిగినట్టుంటే లోచెవికి సంబంధించినది కావచ్చు. కళ్ళు బైర్లు కమ్మితే, అంటే చూపు చీకటిగా మారితే, బీపీ దిగిందేమో చూస్తారు. నిలబడిన మూడు నిమిషాల లోపల పై అంకె 20 గానీ అంతకన్నా ఎక్కువ గానీ పడిపోతే లెక్కలోకి తీసుకుంటారు. తమిళంలోనూ కన్నడంలోనూ తల తిరగడాన్ని తలసుత్తు అంటే అర్థమవుతుంది.

రెండోది తెలివి తప్పడం. ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది, పడిపోయాక సాధారణంగా కాసేపట్లోనే తెలివి వస్తుంది. తమిళంలో దీన్ని మయక్కం అంటారు, తలసుత్తును కూడా మయక్కమే అంటారు. మన పిల్లలు ఇంట్లో వాడే మయకం ఇక్కడిదే. తెలుగు దేశంలో మైకం అంటే తాగినవాడి మత్తు. కాబట్టి చిత్తూరులోనో తిరుపతిలోనో ఆస్పత్రికి పోయి "మయకం వచ్చింది" అంటే వినేవాళ్ళు ఇంకోలా అనుకోవచ్చు.

మూడోది ఫిట్స్. ఒళ్ళు బిగుసుకుని కొట్టుకోవడం, నాలుక పక్కకు కరుచుకోవడం, ఆగాక కూడా చాలాసేపు మనిషి అయోమయంగా ఉండడం. ఈఈజీ బాగానే వచ్చినా ఫిట్స్ లేవని కొట్టిపారేయడానికి లేదు, ఒకటి వచ్చి పోయి ఇంకొకటి వచ్చే నడుమ అది మామూలుగానే ఉండవచ్చు. అందుకే ఇక్కడ యంత్రం కన్నా కళ్ళారా చూసినవాళ్ళ మాటకు విలువ ఎక్కువ. చూసినవాళ్ళు ఏ భాషలో చెప్పినా సరే, "మూర్ఛ" అని పేరు పెట్టకుండా చూసింది చూసినట్టు చెబితే చాలు.

బాధ వేరు, జబ్బు వేరు

వైద్యంలో నాలుగు మాటలున్నాయి. మనిషి చెప్పేది లక్షణం: నొప్పి, వికారం, నీరసం. డాక్టరు చూసి, తాకి, కొలిచి కనిపెట్టేది చిహ్నం: వాపు, పసుపు కళ్ళు, బీపీ అంకె. వీటి వెనక ఉన్న కారణం జబ్బు. ఆ జబ్బు ఫలానాదని తేల్చడం నిర్ధారణ. మొదటిది మన పని, చివరిది డాక్టరు పని. ఇంటి దగ్గరే నిర్ధారణ చేసి, జబ్బు పేరుతో ఆస్పత్రికి పోతేనే చిక్కు.

మన భాషల చరిత్రలో కూడా ఈ రెండూ కలిసే ఉన్నాయి. తెలుగు నొప్పి, కన్నడ నోవు, తమిళ నోయ్ మూడూ ఒకే పాత ధాతువు నుంచి వచ్చినవి. కన్నడంలో నోవు అంటే నొప్పే. తమిళంలో నోయ్ అంటే జబ్బు. రాయలసీమలోనూ మావైపూ "తల నొస్తాది, కడుపు నొస్తాది" అంటాం. నవ్వే పిల్లలకు చెప్పండి, అది మొరటు మాట కాదు. నొచ్చు అనే పాత క్రియ, నొప్పికి తల్లి.

నొప్పికి మనకున్నన్ని మాటలు

డాక్టరు "నొప్పి ఎట్లాంటిది?" అని అడిగితే పిల్లలు "పెయిన్ సార్" అని ఊరుకుంటారు. మన ముసలివాళ్ళకు ఆ లోటు లేదు. పోటు అంటే పొడిచినట్టుండేది. సలుపు అంటే చీము పట్టిన గడ్డలాగా ఉండి ఉండి అదిరేది. తీపు అంటే జ్వరంలో కాళ్ళూ కీళ్ళూ లాగేది. మెలిపెట్టడం అంటే పేగులోనో మూత్రనాళంలో రాయి వల్లనో అలలు అలలుగా వచ్చిపోయేది. పట్టేయడం అంటే కండరం బిగుసుకోవడం. మంట, తిమ్మిరి సరే సరి. ఒక్కొక్క మాట డాక్టరును ఒక్కొక్క దారిలో పంపిస్తుంది. వీటిని తమిళంలోకి మార్చి అన్నిటికీ వలి అనేస్తే సగం సమాచారం పోయినట్టే.

ముఖ్యంగా గుండె. గుండెపోటు అనే పేరు విని, పొడిచినట్టు నొప్పి వస్తేనే గుండెపోటు అనుకుంటాం. చాలామందికి అది పోటులాగా ఉండదు. రొమ్ము మీద బండ పెట్టినట్టు బరువు, బిగింపు, ఎడమ చేతికో దవడకో లాగడం, చల్లని చెమట. ఇవి ఉంటే గ్యాస్ అని కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి.

మన మాట తేలిపోయే చోటు ఒకటుంది. అది నరం. ఇంట్లో నరం అంటే నెత్తురు పారే గొట్టమూ అదే, కండను ఎముకకు కట్టే తాడూ అదే, మెదడు నుంచి వచ్చే తీగా అదే. డాక్టరుకు నరం అంటే చివరిది మాత్రమే. "నరం లాగుతోంది" అని ఊరుకోకుండా ఎక్కడ మొదలై ఎక్కడిదాకా పోతుందో వేలితో చూపించండి.

వేడి జ్వరం కాదు

"వేడి చేసింది" అనే మాటను తమిళులు సూడు అంటారు, కన్నడిగులు ఉష్ణ అంటారు. నోట్లో పుండ్లు, కళ్ళమంట, మూత్రం పోసేటప్పుడు మంట, వీటన్నిటికీ అదొక్కటే పేరు. ఒళ్ళు కాలడం దీనిలో లేదు. ఇదే మాటను పిల్లలు కాయ్‌చ్చల్ అనో జ్వర అనో మార్చి చెబితే డాక్టరు థర్మామీటరు పెడతాడు, 98.6 చూపిస్తుంది, ఏమీ లేదంటాడు. మూత్రంలో మంట అని చెప్పి ఉంటే మూత్రపరీక్ష రాసి ఉండేవాడు. జ్వరం అని సాధారణంగా లెక్కపెట్టేది 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ నుంచి.

షోలాపూరు వైపు మనవాళ్ళకు ఇంకో చిక్కు. మరాఠీలో తాప్ అంటే జ్వరం. తెలుగు తాపం అంటే ఎండవేడి, లేదా మనసులో మంట. వాంతి దగ్గర మాత్రం ఎవరికీ బాధ లేదు. తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీలలో వాంతి, ఒడియాలో బాంతి. బరంపురంలో అన్నా, బెంగుళూరులో అన్నా అర్థమవుతుంది.

కామెర్లు ఒక గుర్తు, అమ్మలు ముగ్గురు

మన కామెర్లూ తమిళ కామాలై కూడా సంస్కృత కామల నుంచి వచ్చినవే. మాట ఒకటే కాబట్టి ఎక్కడైనా అర్థమవుతుంది. కానీ కామెర్లు జబ్బు కాదు, చిహ్నం. నెత్తురులో బిలిరుబిన్ పెరిగి కళ్ళు పచ్చబడతాయి. ఎందుకు పెరిగింది? కాలేయానికి వైరస్ సోకి ఉండవచ్చు, పిత్తాశయపు రాయి దారి అడ్డగించి ఉండవచ్చు, ఎర్ర కణాలు మరీ ఎక్కువగా చితికిపోతుండవచ్చు. హెపటైటిస్ ఎ మామూలుగా దానంతటదే తగ్గిపోతుంది, పేరు మాత్రం పసరుకు వస్తుంది. రాయి అడ్డుపడితే పసరుతో పోదు. మలం తెల్లబడి, ఒళ్ళంతా దురద పెడుతుంటే ఆలస్యం చేయకూడదు.

అలాగే "చిన్నప్పుడు అమ్మ పోసింది" అంటే ఏ అమ్మ? పెద్దమ్మవారు మశూచి, తమిళంలో పెరియమ్మై. అది ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. తట్టు అంటే మీజిల్స్, తమిళంలో తట్టమ్మై. ఆటలమ్మ అంటే చికెన్‌పాక్స్, తమిళంలో చిన్నమ్మై. మూడోది వచ్చినవాళ్ళకే పెద్ద వయసులో నడుం చుట్టో ముఖం మీదో ఒకపక్క మాత్రమే సర్పి లేవవచ్చు. తమిళులు దాన్ని అక్కి అంటారు. ఆ వైరసే ఒంట్లో నిద్రపోయి లేస్తుంది కాబట్టి ఏ అమ్మో తెలిస్తే డాక్టరుకు పనికొస్తుంది.

రిపోర్టులో భయపెట్టే మాటలు

ఇక వాళ్ళ మాటలు మనకు అర్థం కావాలి. ఎక్యూట్ అంటే ప్రమాదం అని కాదు, కొత్తగా, తొందరగా వచ్చింది అని. క్రానిక్ అంటే నయం కాదని కాదు, చాలాకాలంగా ఉంది అని. చివర ఐటిస్ ఉంటే సాధారణంగా లోపల వాచి మంటపెట్టడం: అపెండిసైటిస్, ఆర్థ్రైటిస్. ఎమియా ఉంటే నెత్తురు సంగతి: అనీమియా. ముందు హైపర్ ఉంటే ఎక్కువ, హైపో ఉంటే తక్కువ. ఈ రెండూ చెవికి దాదాపు ఒకేలా వినబడతాయి కాబట్టి కాగితం మీద చూసుకోండి. నెగటివ్ అంటే చెడ్డ కబురు కాదు, వెతికింది ఆ పరీక్షలో కనబడలేదని. బినైన్ అంటే క్యాన్సర్ కాని గడ్డ, మాలిగ్నెంట్ అంటే క్యాన్సర్ గడ్డ.

పెద్దమ్మ ఇప్పుడు ఆస్పత్రికి పోతే మనవడు ఒక కాగితం తీసుకుపోతాడు. పైన ఆమె చెప్పిన మాట తెలుగులో ఉన్నదున్నట్టు, దాని కింద తమిళంలో, పక్కన మింగే మాత్రల పేర్లు, ఏ పూట మింగుతుందో. పోయిన నెల అందులో పై వరుస ఇది: "కండ్లు బైర్లు కమ్మలేదు. మోకాళ్ళు సలుపు లేదు, తీపు ఉండాది."