దూత ముందు రొట్టె పెట్టాడు

కర్మెలు పర్వతం మీద అంతటి విజయం చూసిన ఏలీయా ప్రవక్త, యెజెబెలు బెదిరింపు వినగానే అరణ్యంలోకి పారిపోయాడు. బదరీవృక్షం కింద కూర్చుని, తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి వేడుకున్నాడు. మొదటి రాజుల గ్రంథం 19వ అధ్యాయంలోని ఈ సంగతి మనకు తెలిసిందే. ఆ తర్వాత జరిగింది గమనించారా? దేవుడు ఆయన్ను గద్దించలేదు, నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. నిద్రపోనిచ్చాడు. దూత వచ్చి తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చాడు. ఆయన మళ్లీ పడుకుంటే దూత మళ్లీ వచ్చాడు. హోరేబు దగ్గర సంభాషణ నలభై రోజుల తర్వాతి మాట.

మన బిడ్డ ముభావంగా ఉంటే మనం చేసేది వేరు. ప్రార్థన తగ్గింది, సెల్‌ఫోన్ ఎక్కువైందని వెంటనే తీర్పు చెప్పేస్తాం. 2023 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలు వెలువడిన రెండు రోజుల్లో తొమ్మిదిమంది విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని పత్రికల్లో చదివాం. వాళ్లలో ఎందరి మనసు ఎవరైనా విన్నారో!

చెన్నేకొత్తపల్లి, ధర్మవరం ప్రాంతంలో మరో బాధ కూడా ఉంది. వానలు లేక వేరుశనగ ఎండిపోతే తల్లిదండ్రులు బెంగళూరుకు పనులకు పోతారు. పిల్లలు అవ్వ దగ్గరో, హాస్టల్లోనో ఉండిపోతారు. మార్కులు తగ్గడం వెనక అమ్మ మీద బెంగ ఉండొచ్చు. దాన్ని రాయడానికి ప్రోగ్రెస్ కార్డులో గడి లేదు. ఈ మండలంలోనే 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ సంస్థ, పిల్లలు భయం లేకుండా నేర్చుకోవాలని బడి పెట్టింది. అది సంఘం పెట్టిన బడి కాదు. అయినా సండే స్కూలు నడిపే మనం దాన్ని చూసి నేర్చుకోవచ్చు.

విశాఖపట్నంలో ఒక నీట్ విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో ఒక ఆదేశం ఇచ్చింది. వందమంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హతగల కౌన్సెలర్ ఉండాలి. మన సంఘాల బడులు, హాస్టళ్లు కూడా ఇందులోకే వస్తాయి. ప్రహరీగోడకు చందా అడిగే కమిటీ పెద్దలు ఈ జీతానికీ అడిగితే బాగుండును.

జ్వరమొస్తే ప్రార్థనా చేస్తాం, మాత్రా వేస్తాం. మనసుకు వైద్యం చేయిస్తే మాత్రం సాక్ష్యం పోతుందనుకుంటాం, ఎందుకో! 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడతారు. ఈ ఆదివారం ఆ నంబరును సండే స్కూలు గోడ మీద రాయిద్దాం. పిల్లల చేత కంఠత వాక్యం చెప్పించే ముందు, రాత్రి నిద్రపట్టిందా, అన్నం తిన్నావా అని అడుగుదాం.