దుకాణములలో చేతివాటము – నివారణోపాయములు

ఎర్రగడ్డ రైతు బజారులో అమ్మువాడు కూరగాయల వెనుక కూర్చుండును, కొనువాడు ఎదుట నిలుచును. సరుకు, పైకము చేతి నుండి చేతికి మారును. అక్కడ చేతివాటమునకు చోటు తక్కువ. సూపర్ మార్కెట్టులోనో, సరుకును మనమే తీసి బుట్టలో వేసికొందుము. ఈ పద్ధతిని 1916లో అమెరికాలోని మెంఫిస్ నగరమున క్లారెన్స్ సాండర్స్ తన పిగ్లీ విగ్లీ దుకాణము ద్వారా ప్రాచుర్యమునకు తెచ్చెను. దీనివలన సౌకర్యము పెరిగినది. దొంగతనమునకు అవకాశమును పెరిగినది.

90 రూపాయలకు కొన్న వస్తువును 100 రూపాయలకు అమ్మినచో మిగులునది 10 రూపాయలే. అట్టిది ఒకటి మాయమైనచో, ఆ నష్టము పూడుటకు మరి తొమ్మిది అమ్మవలెను. అద్దె, కరెంటు ఖర్చులు వేరు. ఒక్కొక్కచోట ఈ లోటు పనికుర్రవాని జీతములో కోతగా మారును. చదువుకొనుచు సాయంత్రములు దుకాణములలో పనిచేయు విద్యార్థులకు ఇది పరాయి సమస్య కాదు.

నివారణలో మొదటిది చూపు. అరలు ఎత్తు తక్కువగా, వెలుతురు ఎక్కువగా ఉండవలెను. బిల్లు బల్ల ద్వారము చెంత నుండవలెను. చిన్నవై ఖరీదైన వస్తువులను బల్ల వెనుక ఉంచవలెను. రెండవది పలకరింపు. “ఏమి కావలెనండీ?” అను మాట మంచివానికి మర్యాద, దొంగకు హెచ్చరిక. కెమెరా జరిగినదానిని చూపును. మనిషి జరుగకుండ ఆపగలడు.

మూడవది లెక్క. ఇంటి దొంగను ఈశ్వరుడైనను పట్టలేడందురు. లోటంతయు కొనువారి వలననే రాదు. సరుకు తక్కువగా దిగుట, బిల్లు తప్పులు, సిబ్బంది చేతివాటము కూడ కారణములే. సరుకు దిగునపుడు ఇద్దరు లెక్కించి సంతకము చేయవలెను. ఖరీదైన వస్తువులను వారమున కొకసారి లెక్కించవలెను. అపుడు నష్టమెక్కడనో తెలియును, నిర్దోషిపై నింద పడదు.

అనుమానము వచ్చినపుడు నిగ్రహము ముఖ్యము. దుస్తులను, పేదరికమును చూచి ఎవరిని వెంబడింపరాదు. కొట్టుట, అక్రమముగా గదిలో బంధించుట నేరములు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షను ప్రకారము, 5000 రూపాయల లోపు దొంగతనములో తొలిసారి శిక్షపడిన వ్యక్తి సొత్తును గాని, దాని విలువను గాని తిరిగి ఇచ్చినచో సమాజసేవయే శిక్ష. చట్టమే దిద్దుబాటునకు తావిచ్చుచున్నది.

కావున మిత్రులారా, సరుకును కాపాడుట ఎంత అవసరమో, మనిషి గౌరవమును కాపాడుటయు అంతే అవసరము. తెరచిన కన్ను, సరియైన లెక్క, మర్యాదగల మాట – ఈ మూడింటి వలన రెండును నిలుచును.