మైనస్ 5 దగ్గర మొదలయ్యే పని

నీరు 0 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకడుతుందని బడిలో చదువుకున్నాం. ఎత్తైన మేఘాల్లోని సన్నని తుంపరలకు ఆ లెక్క చాలదు. ఆసరాగా ఒక రేణువు దొరక్కపోతే స్వచ్ఛమైన నీటి బిందువు దాదాపు మైనస్ 38 డిగ్రీల దాకా ద్రవంగానే ఉండిపోగలదు. మేఘాల నుంచి వాన రాబట్టే మేఘమథనంలో వాడే సిల్వర్ అయొడైడ్ ఇచ్చేది ఆ ఆసరానే.

సిల్వర్ అయొడైడ్ బరువులో వెండి సుమారు 46 శాతం, మిగతాది అయోడిన్. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో పొటాషియం అయొడైడ్ పోస్తే లేత పసుపు అవక్షేపంగా దిగుతుంది. వెలుతురు తగిలితే రంగు మారుతుంది. లీటరు నీటిలో కరిగేది 2 మైక్రోగ్రాముల పైచిలుకే. కరగదు కనుకనే తుంపరలో పడ్డా స్ఫటికం స్ఫటికంగా నిలుస్తుంది. అందులో ఒకే అమరిక మళ్లీ మళ్లీ వచ్చే దూరం సుమారు 4.59 ఆంగ్‌స్ట్రామ్‌లు, మంచులో 4.52. తేడా 2 శాతం లోపే కాబట్టి నీటి అణువులు మంచు మీద పేరుకున్నట్టే దీని మీదా పేరుకుంటాయి. 1946 నవంబరులో అమెరికాలోని జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో బెర్నార్డ్ వానెగట్ ఈ పోలిక చూసే దీన్ని ఎంచుకున్నాడు. రసాయనశాస్త్రంలో ఇంత సూటిగా ఫలించిన ఊహలు అరుదు.

ఒక్క గ్రాము కాలిస్తే వెలువడే రేణువులు లక్షల కోట్లు. అవి పనిచేయాలంటే మేఘంలో కనీసం మైనస్ 5 చలి ఉండాలి. మైనస్ 10 దగ్గర, నీటి బిందువుకు సరిపడా ఆవిరి ఉన్న గాలి మంచు లెక్కలో దాదాపు 10 శాతం ఎక్కువ తేమగా ఉంటుంది. అందుకే తుంపరలు ఆవిరవుతుంటాయి, మంచు రేణువు ఆ ఆవిరిని తీసుకుని పెరుగుతుంది, బరువెక్కి జారుతుంది, దారిలో కరిగి వానవుతుంది.

ఇందులో కొత్తగా పుట్టిన నీరు చుక్క కూడా లేదు. ఇరవై ఏళ్ల కిందట కరవు రోజుల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రాయలసీమలో మేఘమథనం చేయించినప్పుడు రైతులకు ముందుగా చెప్పవలసిన మాట ఇదే. మబ్బు లేని ఆకాశంలో ఎన్ని కిలోలు కాల్చినా ఫలితం ఉండదు.

మేఘం మైనస్ 5 అంత చల్లగా లేకపోతే మరో లోహ హాలైడ్‌కు పని పడుతుంది: కాల్షియం క్లోరైడ్. దీని గుణం పూర్తిగా వేరు. ఇది తేమను పీల్చి, అందులోనే కరిగి, పెద్ద బిందువులను తయారుచేస్తుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ షోలాపూర్ ప్రాంతంలో ఈ పద్ధతిని పరీక్షించి, వాన సుమారు 18 శాతం పెరిగిందని తేల్చింది. ఆ అంకె రసాయనం చల్లిన మేఘాలను, చల్లకుండా వదిలిన మేఘాలతో పోల్చి చెప్పినది.