ఆడనివాడు నేర్పిన ఆట

ఇటలీ ఫుట్‌బాల్ శిక్షకుడు అరిగో సాక్కి వృత్తి క్రీడాకారుడు కాడు. తండ్రి కర్మాగారంలో తయారైన పాదరక్షలు అమ్ముతూనే చిన్న జట్లకు శిక్షణనిచ్చాడు. ఆయన తీర్చిదిద్దిన పార్మా జట్టు ఏసీ మిలాన్‌ను ఓడించింది. మిలాన్ అధిపతి సిల్వియో బెర్లుస్కోనీ కోపగించలేదు. 1987లో ఆయననే తన జట్టుకు శిక్షకునిగా నియమించాడు. ఆడనివాడు ఆట నేర్పగలడా అని విమర్శకులు ఆక్షేపించారు. రౌతు కావడానికి మునుపు గుర్రమై పుట్టనక్కరలేదని సాక్కి బదులిచ్చాడు! 1988లో మిలాన్ ఇటలీ లీగ్ విజేత. 1989, 1990లలో యూరోపియన్ కప్పు విజేత. నిర్మాణ, టెలివిజన్ వ్యాపారాలలో ఎదిగిన బెర్లుస్కోనీ దారి మరింత విచిత్రమైనది. ‘ఫోర్జా ఇటాలియా’ అనే క్రీడామైదానపు నినాదాన్నే పార్టీ పేరుగా చేసుకొని 1994లో ప్రధానమంత్రి అయ్యాడు. ఆ ఏడే సాక్కి శిక్షణలోని ఇటలీ జట్టు ప్రపంచ కప్పు తుదిపోరుకు చేరి, పెనాల్టీ షూటౌట్‌లో బ్రెజిల్ చేతిలో ఓడింది.