పెండ్లి మాటలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: ‘పెండ్లి’ పల్లెటూరి యాస, సరైన మాట ‘పెళ్లి’.

వాస్తవం: అనంతపురం నుంచి హైదరాబాదుకు ఉద్యోగానికి పోయిన పిల్లలు మొదట దాచుకునే మాటల్లో ఇదొకటి. ‘మా అక్క పెండ్లి’ అంటే పక్క సీటువాళ్లు నవ్వుతారు. పాత కావ్యాల్లో ఉన్నది పెండ్లే. బండ్లు బళ్లయినట్టు, ఇండ్లు ఇళ్లయినట్టు అదీ తర్వాత పెళ్లి అయింది. వేరు ‘పెణ్’, అంటే ఆడది. తమిళంలో పెణ్, మడకశిర వైపు వినబడే కన్నడంలో హెణ్ణు, మన పెరట్లో పెంటికోడి. పెండ్లికూతురికీ కోడికీ వేరు ఒకటేనంటే మా ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు లెండి.

అపోహ: మొగుడు, పెండ్లాం మోటు మాటలు.

వాస్తవం: మొగుడు పాత ‘మగడు’. మగవాడన్నా కట్టుకున్నవాడన్నా అదే మాట. మధ్యయుగపు ఫ్రెంచిలోనూ అంతే: ‘బారన్’ అంటే దొర, మొగుడు కూడా. ‘ఫామ్’ అంటే నేటికీ ఆడమనిషి, పెండ్లాం. కదిరి దగ్గర కటారుపల్లిలో సమాధి ఉన్న వేమన పద్యాలను బ్రౌన్ 1829లో అచ్చు వేయించాడు. వాటిలోనూ ఆలు, మగడే. ఇక భర్త అంటే భరించేవాడు, భార్య అంటే భరించబడేది. వేరుశనగ ఎండిపోయిన ఏడు బెంగుళూరికి కూలికి పోయిన జంటలో ఎవరు ఎవరిని భరిస్తున్నారో మేస్త్రీని అడగాలి.

అపోహ: మేనమామ, పిల్లనిచ్చిన మామ ఇద్దరినీ ‘మామా’ అనడం మాటలు చాలక.

వాస్తవం: మేనరికంలో ఆ ఇద్దరూ ఒక్కరే.

అపోహ: కట్నమంటే మొదటినుంచీ వరకట్నమే.

వాస్తవం: కట్నమంటే కానుక. మా పల్లెల్లో పెండ్లి పందిట్లో ఒకాయన నోటుబుక్కు ముందేసుకుని కూర్చుంటాడు. ‘మేనత్త కట్నం నూటపదహార్లు’ అని మైకులో చదువుతాడు, ఎర్ర ఇంకుతో రాస్తాడు. ఆ పుస్తకం బీరువాలోకి పోతుంది. చదివించినవాళ్లింట్లో పెండ్లయినప్పుడు తీసి చూసి అంతకు తక్కువ కాకుండా చదివిస్తారు. వానల్లేని ఏడు ఆ డబ్బే పెండ్లి ఖర్చు గట్టెక్కిస్తుంది. వరకట్నాన్ని మాత్రం 1961లోనే చట్టం నిషేధించింది.

ఒకప్పుడు చాలా కులాల్లో సొమ్ము ఎదురు నడిచేది. మగపెండ్లివారే పిల్ల తల్లిదండ్రులకు ఇచ్చేవారు. దాని పేరు ఓలి. ఇప్పుడు ఆ మాట అంటే మా పిల్లలకు హోలీ అని వినబడుతుంది.