మీకు తెలుసా? ఫైటర్ చేప ఏం తింటుందో!

మీ ఇంట్లో ఫైటర్ చేప ఉందా? అదేనండీ, అద్దంలో తన బొమ్మనే చూసుకుని పోట్లాటకు దిగే బెట్టా! ఏఎస్ పేట దర్గా వీధిలో ఉండే వాళ్లయినా, ఆత్మకూరు వాళ్లయినా, ఉదయగిరి కొండ కింద ఉండే వాళ్లయినా కాస్త ఇటు రండి. ఆ చేప ఒళ్లంతా కలిపినా 6 సెంటీమీటర్లే! కానీ అది పక్కా మాంసాహారి! వేటాడి తినే చేప!

దాని పొట్ట ఎంతుంటుందో తెలుసా? దాని కంటిగుడ్డంత! అంతే! అందుకే పొద్దున 3 మేత గింజలు (పెల్లెట్లు), సాయంత్రం 3 గింజలు. చిటికెడు కాదు, గింజలే! లెక్కపెట్టి వేయండి. పాపం ఇంకా అడుగుతోందని జాలిపడకండి. అది ఎప్పుడూ అడుగుతూనే ఉంటుంది! మీరు కనపడితే చాలు, అద్దం దగ్గరికి ఉరికొస్తుంది. ఆకలైనా వస్తుంది, కాకపోయినా వస్తుంది!

ఒక్క గింజ వేసి, తొట్టి పక్కనే కూర్చుని చూడండి. చేప ఒక్క క్షణం ఆగుతుంది. రెండు కళ్లూ గింజ మీదికి తిప్పుతుంది. ఒళ్లు కాస్త వంచుతుంది. టప్‌మని మింగుతుంది! వెంటనే ఉమ్మేస్తుంది! మళ్లీ అందుకుంటుంది! నచ్చక కాదండోయ్. గింజ గట్టిగా ఉంటే అలా నోట్లో నానబెట్టి, విరగ్గొట్టి తింటుంది. దానికి సన్నని పళ్లు కూడా ఉన్నాయి! ఉమ్మినదాన్ని 2, 3 నిమిషాల్లో తినకపోతే మాత్రం బయటికి తీసేయండి. కుళ్లితే నీళ్లు పాడవుతాయి.

బొరుగులు వేస్తున్నారా? ఆపేయండి! కోనేటి చేపలకు బొరుగులు వేస్తాం, నిజమే. బొచ్చె, రవ్వు, బంగారుతీగ లాంటివి వాటిని అరిగించుకుంటాయి. ఫైటర్ పేగు పొట్టిది. గింజధాన్యం దానికి సరిపడదు. పైగా 100 గ్రాముల బొరుగుల్లో ప్రొటీన్ 8 గ్రాముల లోపే! అన్నం మెతుకులు, బ్రెడ్డు ముక్కలు, బిస్కెట్ పొడి కూడా వద్దు.

మేత డబ్బా తిప్పి వెనక రాసింది చదివారా? అసలు గుట్టు అక్కడే ఉంది! పదార్థాల పట్టికలో మొదట రాసేది ఎక్కువగా కలిపిన సరుకు. మొదటి పేరు చేపలపొడో, రొయ్యలపొడో అయితే కొనండి. గోధుమపిండి అయితే అక్కడే పెట్టేయండి! మంచి ఫైటర్ మేతలో ప్రొటీన్ నూటికి 40 పాళ్ల దాకా ఉంటుంది. ఇంకోటి, చిన్న డబ్బానే కొనండి. మూత తీసిన దగ్గర్నుంచి విటమిన్లు తగ్గిపోతూనే ఉంటాయి!

సోమశిల జలాశయంలో 78 టీఎంసీల నీళ్లు పడతాయి. ఫైటర్‌కు అన్ని నీళ్లతో పనే లేదు! థాయ్‌లాండ్‌లో దాని సొంతిల్లు వరి మడి! మోకాలి లోతు కూడా ఉండని నీళ్లు. అందులో దోమ లార్వాలు, చిన్న చిన్న పురుగులు, కంటికి ఆనని రొయ్య జాతి జీవులు. రోజుకో రుచి! ఏడాది పొడుగునా ఒకే రకం మేత తినే చేప ప్రకృతిలో ఎక్కడా లేదు!

దాని నోరు ఎటు తిరిగి ఉంటుందో గమనించారా? పైకి! నీటి మీద పడ్డ పురుగును కింది నుంచి అందుకోవడానికి! గాలి పీల్చడానికీ అదే నోరు! మొప్పలు ఉన్నా పైకొచ్చి గాలి మింగుతుంది. మన కొర్రమీను కూడా ఇంతే. విచిత్రం ఏంటంటే, మింగిన గాలిని పీల్చుకునే ప్రత్యేక అవయవం పుట్టినప్పుడు ఉండదు. పిల్లకు 3, 4 వారాలు వచ్చాకే తయారవుతుంది!

ఇక దాని ప్రాణమైన తిండి చెప్పనా? దోమ లార్వా! మన రక్తం తాగే దోమ దానికి విందు భోజనం! గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి మన వేసవిలో 7 నుంచి 10 రోజులు చాలు. అందుకే మన దగ్గర శుక్రవారం డ్రై డే! వారానికోసారి తొట్టెలు, డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేయమని ఆరోగ్య సిబ్బంది చెప్పేది ఇందుకే. ఆ లెక్క చేపలు పెంచేవాళ్లకూ పనికొస్తుంది. మంచినీళ్ల తొట్టిలో దొరికిన లార్వాలు నాలుగైదు వేయండి, తినేదాకా చూడండి. చేప కోసమని దోమలు పెంచారో, ఇంటిల్లిపాదికీ జ్వరాలే! మురుగుకాలవ లార్వాలు అసలే వద్దు.

దోమ లార్వాలను పెంచిన ఒకాయన ప్రపంచాన్నే కదిలించాడు! ఎక్కడో కాదు, మన సికింద్రాబాద్‌లోనే! లార్వాలు తెప్పించి, వాటి నుంచి దోమలు పుట్టించి, ఒక రోగిని కుట్టించి, ఆ దోమ పొట్ట కోసి చూశాడు రొనాల్డ్ రాస్. మలేరియా క్రిమి కనిపించింది! తేదీ 1897 ఆగస్టు 20. ఈనాటికీ ఆ రోజే ప్రపంచ దోమల దినం!

చెరువుల్లో, బావుల్లో వదిలే గంబూసియా చేపలు గుర్తున్నాయా? అవి కూడా దోమ లార్వాలను తినేవే! మన దేశానికి వచ్చింది 1928లో. కానీ వాటిని ఫైటర్ తొట్టిలో వేయకండి. అవి రెక్కలు కొరికేస్తాయి!

ఎర్రగా మెలికలు తిరిగే బ్లడ్ వార్మ్స్ చూశారా? ఆ ఎరుపు హిమోగ్లోబిన్! మన నెత్తురులో ఉండే పదార్థమే! గాలి ఆడని బురదలో బతకాలి కదా, దొరికిన కాస్త ఆక్సిజన్‌నూ పట్టి ఉంచుకుంటాయి. ఇవి పెరిగితే దోమను పోలిన చిన్న ఈగలవుతాయి. కానీ కుట్టవు! గడ్డకట్టించిన బ్లడ్ వార్మ్స్ వారానికి 2 సార్లు పెడితే చాలు. ఫైటర్లకు ఇవంటే పిచ్చి. రోజూ పెడితే మాత్రం గింజల వంక కన్నెత్తి కూడా చూడవు!

షాపుల్లో ఎండు ట్యూబిఫెక్స్ ముక్కలు అమ్ముతారు. అవి ఎక్కడ పుడతాయో తెలిస్తే ముక్కు మూసుకుంటారు! మురుగులో! తల బురదలో పెట్టి, తోక పైకెత్తి ఊపుతూ ఆక్సిజన్ లాక్కునే పురుగులవి. బతికున్నవి తెచ్చి వేస్తే రోగాలు కూడా వెంటే వస్తాయి. ఎండినవే వేయండి. అదీ 10 నిమిషాలు నీళ్లలో నానబెట్టాకే! ఎండు తిండి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఆ ఉబ్బేదేదో పొట్టలో కాకుండా గిన్నెలోనే కానివ్వండి!

ఇప్పుడు చెప్పేది వింటే మీరు నమ్మరు! శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి ఉదయగిరి కోటను గెలిచింది 1514లో. అంతకన్నా పాత గుడ్డు ఒకటి మన కాలంలో పిల్ల అయింది! డాఫ్నియా గుడ్డు! చెరువు నీళ్లలో చుక్కల్లా ఎగిరెగిరి పడుతుంటాయే, ఆ సన్న పురుగులే డాఫ్నియాలు. అమెరికాలోని మిన్నెసోటాలో ఒక చెరువు అడుగు బురద తవ్వి, దాదాపు 700 ఏళ్ల నాటి గుడ్లను శాస్త్రవేత్తలు పైకి తీశారు. వాటిలో కొన్ని పిల్లలయ్యాయి! ఆ పరిశోధన అచ్చయింది 2014లో. రాయలవారి ముట్టడి కన్నా ముందు పెట్టిన గుడ్డు! నాకైతే ఈ సంగతి ఎన్నిసార్లు చదివినా ఒళ్లు జలదరిస్తుంది.

ఆ డాఫ్నియాలే ఫైటర్‌కు మలబద్ధకం మందు! వాటి పెంకు అరగదు. పేగును శుభ్రం చేసుకుంటూ పోతుంది. పొట్ట ఉబ్బిన చేపకు 1 రోజు ఉపవాసం పెట్టి, తర్వాత నాలుగు డాఫ్నియాలు వేసి చూడండి! మందుసీసాల కన్నా ముందు ఇదే ప్రయత్నించాలని నా గట్టి మాట.

చెరువు నీళ్లు నేరుగా తెచ్చి పోయకండి, ప్రమాదం పొంచి ఉంది! తూనీగ పిల్ల! గాల్లో ముద్దుగా ఎగిరే తూనీగ పసితనమంతా నీళ్లలోనే. 6 కాళ్లతో బురదలో నక్కి ఉంటుంది. కింది దవడను ముందుకు విసిరి చేపపిల్లను లాగేస్తుంది! రెప్పపాటులో! పలచని గుడ్డలో వడకట్టి, తెల్ల పళ్లెంలో పోసి, ఏమొచ్చిందో చూసుకుని వేయండి.

మన నెల్లూరు తీరంలో రొయ్యపిల్లల హ్యాచరీలున్నాయి కదా. ఆ పిల్లలకు పెట్టే మేతే మీ ఫైటర్‌కూ మేత! పేరు ఆర్టీమియా. ఉప్పు సరస్సుల్లో పుట్టే సన్న రొయ్య. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి దాని గుడ్లు డబ్బాల్లో ప్రపంచమంతా తిరుగుతాయి. 1 గ్రాములో 2 లక్షలకు పైగా గుడ్లు! చేతిలో పోసుకుంటే గోధుమరంగు దుమ్మే అనుకుంటారు!

ఆ దుమ్మును మీ వంటింట్లోనే బతికించవచ్చు! లీటరు నీళ్ల సీసా తీసుకోండి. 25 గ్రాముల రాళ్ల ఉప్పు కలపండి. ఇస్కపల్లి ఉప్పు మడుల్లో పండిందైనా సరే, అయోడిన్ కలపనిదే కావాలి! పావు చెంచా గుడ్లు వేసి, అక్వేరియం గాలి పంపు గొట్టం లోపలికి దించండి. మర్నాడు అదే వేళకు చూడండి. సీసా అంతా నారింజ రంగు నలుసులు! కదులుతుంటాయి! పంపు ఆపి, సీసా అడుగున సెల్‌ఫోన్ లైటు పెట్టండి. అన్నీ వెలుగు దగ్గరికి పరుగెత్తుకొస్తాయి! ఖాళీ పెంకులు పైకి తేలిపోతాయి. కింది నలుసులను గొట్టంతో లాగి, గుడ్డలో వడకట్టి, మంచినీళ్లతో ఒకసారి కడిగి వేయండి. ఆ రోజు మీ ఫైటర్ సంబరం చూసి తీరాల్సిందే!

పుట్టిన ఆర్టీమియా పిల్ల పొడుగు అర మిల్లీమీటరు! దానికి మొదట నోరు పనిచేయదు! తల్లి ఇచ్చిన పచ్చసొన మీదే బతుకుతుంది. ఆ సొనలోనే కొవ్వు, బలం అంతా. గంటలు గడిచేకొద్దీ అది కరిగిపోతుంది. అందుకే పుట్టిన రోజే పెట్టేయాలి!

ఆ గుడ్లు అంతరిక్షంలోకి కూడా వెళ్లొచ్చాయి! 1972లో అపోలో 16, అపోలో 17 నౌకల్లో చంద్రుడి దాకా ప్రయాణం! అంతరిక్ష కిరణాలు జీవాన్ని ఏం చేస్తాయో చూద్దామని పంపారు. చంద్రుడి దాకా వెళ్లొచ్చిన జాతి మీ చేపకు టిఫిన్!

మీ ఫైటర్ ఎరుపా? ఆ ఎరుపులో తిండి పాలు ఉంది! కెరోటినాయిడ్లనే రంగు పదార్థాలను చేప సొంతంగా తయారు చేసుకోలేదు. రొయ్యజాతి మేత నుంచి, స్పైరులినా అనే నాచు నుంచి తెచ్చుకోవాలి. అవి అందితే ఎరుపు ముదురుతుంది. మరి నీలం ఫైటర్? దాని ఒంట్లో నీలం రంగు 1 చుక్క కూడా లేదు! చర్మంలోని సన్నని పలకలు వెలుగును విరజిమ్మడం వల్లే నీలంగా కనిపిస్తుంది!

తొలివానకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లు గుర్తున్నాయా? వాటి 4 రెక్కలూ రాలిపోయాక మిగిలేది కొవ్వు ముద్దే! ఫైటర్ ఆశగా ఎగబడుతుంది. ఎప్పుడైనా ఒక చిన్న ముక్క పెట్టండి, అంతే. ఇంట్లో దోమల మందు కొట్టిన రోజు అది కూడా వద్దు!

నీళ్లు చల్లబడితే చేపకు అరుగుదల కూడా మందగిస్తుంది! దాని ఒంటి వేడి నీటి వేడే మరి. 26 డిగ్రీల దగ్గర హాయిగా తింటుంది. సంక్రాంతి చలిలో నీరు బాగా చల్లబడితే మేత సగం చేయండి. రోహిణి కార్తెలో ఇంకో చిక్కు. వదిలేసిన గింజ పూట తిరక్కుండానే కుళ్లిపోతుంది!

పండక్కి ఊరెళ్తున్నారా? 3 రోజులు మేత లేకపోయినా ఆరోగ్యమైన పెద్ద ఫైటర్‌కు ఏమీ కాదు! వెళ్లేముందు గుప్పెడు మేత గుమ్మరించడమే అసలు ప్రమాదం. ఆకలి కన్నా ఆ కుళ్లే చేపను ముందు చంపుతుంది! ఇంట్లో ఉన్నప్పుడు కూడా వారానికి ఒక పూట పస్తు మంచిదే.

మనుషులు ఈ చేపను ఎప్పటి నుంచి పెంచుతున్నారో ఊహించండి! వెయ్యేళ్లకు పైనే! 2022లో అచ్చయిన జన్యు పరిశోధన తేల్చిన లెక్క ఇది.

ఫైటర్ పిల్లల్ని సాకేది ఎవరో తెలుసా? తండ్రి! నీటి మీద బుడగల గూడు కట్టి, గుడ్లను నోటితో అందులో పెట్టి కాపలా కాస్తాడు. జారిపడ్డ ప్రతి గుడ్డునూ నోటితో పట్టి మళ్లీ గూట్లో పెడతాడు! దాదాపు 36 గంటల్లో పిల్లలు బయటికొస్తాయి.

ఆ పిల్లలకు తొలి తిండి వరిగడ్డి నీళ్లు! నిజం! నాలుగు పోచల గడ్డిని నీళ్లలో నానబెట్టి 4 రోజులు ఉంచితే, కంటికి కనపడని సూక్ష్మజీవులు కోట్లలో పుడతాయి. చుక్క చుక్కగా వేయాలి. ఇంకొన్నాళ్లకు ఆర్టీమియా మొదలు. పిల్లల ఒళ్లు పారదర్శకం కదా, తిన్నాక పొట్టలు నారింజ రంగులో బయటికే కనపడతాయి! ఏ పిల్ల తిన్నదో, ఏది పస్తు ఉందో భూతద్దం పెట్టి లెక్కపెట్టుకోవచ్చు!